గువ్వ ఈకలు, గోనె కుట్టు

జూన్ 4

మరదలికి,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వు ఇంకా బాగున్నావని పేపర్లో చూశాం. మూడో పేజీలో కుడి పక్కన, తుపాకి భుజాన వేసుకుని నవ్వుతున్నావు. 'గువ్వల వేటకు అనుమతి ఇవ్వాల్సిందే: గోదాము అధికారిణి' అని పైన పెద్ద అక్షరాలు. మీ అన్నయ్య దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కి టిక్కెట్టు అడిగిన ప్రతివాడికీ ముందు నీ ఫోటో చూపించి, తర్వాత టిక్కెట్టు కొడుతున్నాడట. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, నా ఫోటో ఒక్కటి ఆ జేబులోకి ఎక్కిన పాపాన పోలేదు. పోనీలే, నా చేతిలో తుపాకి లేదు, కత్తెరే ఉంది.

ఆ ఫోటోలో నీ వెనకాల సగం ముఖం ఒకటి కనిపిస్తోంది. అది నా కూతురిది. విత్తనాలు పరీక్షించే పని నేర్చుకోమని నీ దగ్గరికి పంపాను గానీ, తుపాకి పట్టినవాళ్ళ వెనకాల నిలబడమని పంపలేదు. దాని ఉత్తరాలు చూస్తే నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు నువ్వే. అత్త ఇలా అంది, అత్త బస్తా ఇలా ఎత్తింది, అత్తని చూసి లారీవాళ్ళు దారిచ్చారు. చివర్లో ఒక్క ముక్క, 'అమ్మా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది' అని. నా వాటాకి మోకాలు మిగిలింది.

ఇక గువ్వల సంగతి. నా కుట్టు దుకాణం బోర్డు వెనకాల ఒక జంట గూడు పెట్టుకుంది. నేను మిషను తొక్కితే అవి కూస్తాయి, ఆపితే అవీ ఆపుతాయి. ఒకటి గూట్లో కూర్చుంటే రెండోది పుల్లలు ఏరి తెస్తుంది. మీ అన్నయ్య ఇన్నేళ్ళలో ఒక్క పుల్ల తెచ్చి ఎరగడు. పిడికెడు పిట్ట అది. దాన్ని కాలిస్తే ఎవరి కడుపు నిండుతుందని? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, దానికి నువ్విప్పుడు చట్టం కూడా అడుగుతున్నావు.

పిల్లని మాత్రం ఆ తుపాకి ఛాయలకి రానివ్వకు.

నీ వదిన

మరో మాట: ఫోటోలో దానికి జడ కనపడలేదు. నీలాగా కత్తిరించేశావా?

*

జూన్ 12

వదినా,

జడ నేను కత్తిరించలేదు. గింజల దుమ్ము తల నిండా పడుతోందని విసుగెత్తి అదే కత్తిరించుకుంది. నేను గోదాములోంచి వచ్చేసరికి జడ చెత్తబుట్టలో ఉంది. మీ అమ్మ నన్ను తిడుతుందే అన్నాను. 'అమ్మకి చెప్పకు' అంది. నేను చెప్పలేదు, పేపరువాడు చెప్పాడు. ఎటూ ఆ తిట్లు నాకే వచ్చాయి.

నీ బోర్డు వెనకాల ఉన్నవి రెండు గువ్వలు. నా గోదాము చుట్టూ అవి లేచాయంటే ఎండ కనపడదు. పొద్దుతిరుగుడు చేను మీద వాలాయంటే ఒక పూటలో పువ్వుని బోడిగుండు చేసి వదులుతాయి. రైతు ఊరుకుంటాడా? మందు కలిపిన గింజలు గట్ల మీద చల్లుతున్నాడు. దాన్ని ఆపే చట్టం లేదు, ఉన్నా అడిగేవాడు లేడు. గువ్వలే కాదు, పిచ్చుకలు, పిల్లులు, మొన్న మా కాపలా కుక్క కూడా పోయాయి. పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద పిట్టలు రెక్కలు కొట్టుకుంటూ ఉంటాయి. వాటిని బుట్టలోకి ఎత్తేది నేను, నా ఫోటో వేసిన పేపరువాడు కాదు.

నేనడిగేది ఇంతే. ఏడాదిలో రెండు నెలలు, గూళ్ళలో పిల్లలు లేని కాలంలో, లైసెన్సున్నవాళ్ళు మాత్రం, మనిషికి ఇన్నే అని హద్దు పెట్టి వేటకి అనుమతి ఇవ్వండి. అలాగైతే మందు మానేస్తామని రైతులు నా ముందు ఒప్పుకున్నారు. అనుమతి వచ్చేదాకా ఒక్క గువ్వ మీదికి కూడా తుపాకి ఎత్తనని నేనూ సభలో అందరి ముందూ మాటిచ్చాను. ఇచ్చిన మాట తప్పే అలవాటు నాకు లేదు. అయినా కోడిని తినే ఇంట్లో గువ్వ కోసం కన్నీళ్ళు కారుతుంటే నాకు నవ్వొస్తుంది, ఏమనుకోకు.

పిల్ల తుపాకి పట్టుకుంటోంది, దాచను. ఖాళీ డబ్బాలు గోడ మీద పెట్టి కొడుతోంది. చెయ్యి వణకదు. ఇక్కడ అందరూ అచ్చం మేనత్త పోలికే అంటున్నారు. అంటే నేనేం చెయ్యను, నోళ్ళు కుట్టేది నువ్వు, నేను బస్తాలే కుడతాను.

అసలు సంగతి మరిచిపోయాను. విత్తన పరీక్షా కేంద్రంలో ఉద్యోగం దానికే వచ్చేలా ఉంది. నడవడిక ఎలాంటిదో పోలీసులొచ్చి విచారించడం ఒక్కటే మిగిలింది. వస్తే ఇక ఇక్కడే, నా దగ్గరే. రెండో గదికి సున్నం కూడా వేయించాను. మన పిల్ల స్థిరపడ్డట్టే.

నీ ఆడపడుచు

*

జూన్ 20

మరదలా,

'మన పిల్ల' అని రాశావు. దాన్ని తొమ్మిది నెలలు మోసినప్పుడు ఈ 'మనం' ఎక్కడున్నాం? దానికి గవదబిళ్ళలు వచ్చి మెడ పట్టుకుని ఏడ్చినప్పుడు, లెక్కల పరీక్ష తప్పి మంచం కింద దూరినప్పుడు, మొదటిసారి పై ఊరు చదువుకి పోయేనాడు నా చెయ్యి వదలనప్పుడు 'మన' ఎక్కడికి పోయింది? ఆడబిడ్డ అర్ధమొగుడని విన్నాను గానీ, అర్ధతల్లి అని ఎక్కడా వినలేదు.

నువ్వు సున్నం వేయించిన గది గురించి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. 'మంచిదేగా, సొంత మనిషి దగ్గరుంటుంది' అన్నాడు. సొంత మనిషట. నేనెవరో మరి. ఆ రోజు ఒక కోటుకి చేతులు తారుమారుగా కుట్టాను. కోటు తాలూకు పెద్దమనిషి వచ్చి వేసుకుని, మోచేతులు వెనక్కి తిరిగిపోయి, దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. నాకు నవ్వు కూడా రాలేదు.

కోడి మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నాను, విను. కోడికి మనం గింజ వేస్తాం, గూడు కడతాం, పిల్లి రాకుండా కాపలా కాస్తాం, జబ్బు చేస్తే నూనె రాస్తాం. పెంచినవాళ్ళకి కోసుకునే హక్కుందో లేదో ఆ పైవాడికే తెలియాలి. పెంచనివాళ్ళకి మాత్రం ఏ హక్కూ లేదు. ఎవరో కన్నది, ఎవరో గింజ గింజా ముక్కుతో తెచ్చి మేపింది, రెక్కలొచ్చాక నీ వాకిట్లో వాలిందని నీదైపోతుందా? గువ్వల గురించే అంటున్నాను, ఇంకోటి అనుకోకు.

గువ్వల వేట ఉండాలా వద్దా అని అభిప్రాయాలు అడుగుతూ తిరిగే సర్కారు సంఘం మా ఊరికీ వస్తోంది. వచ్చే నెల పదిహేడున పురపాలక భవనంలో సభ. మాట్లాడతానని నా పేరిచ్చాను. 'నీకెందుకే ఈ గోల' అన్నాడు మీ అన్నయ్య. చెల్లెలు మాట్లాడితే జేబులో పెట్టుకుంటావు, పెళ్ళాం మాట్లాడితే గోలా అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది నిన్నటి పేపరు.

పోలీసులొచ్చి పిల్ల నడవడిక అడిగితే మంచిదేనని చెప్పు. ఎవరు పెంచారని అడిగితే నా పేరు చెప్పు.

నీ వదిన

*

జులై 2

వదినా,

ఇది పొట్టి ఉత్తరం. పిల్లకి కాస్త నలతగా ఉంది. జ్వరమూ కాదు, జలుబూ కాదు. రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదు. పని అయ్యాక గోదాము వెనక మెట్ల మీద కూర్చుని కరెంటు తీగల వైపు చూస్తోంది. ఏమైందని నువ్వు రాసి అడగకు. చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది.

నీ పుట్టినరోజుకని సొంత చేత్తో ఒకటి కుట్టి పార్సిలు చేసింది. బాగుందని రాయి. నీ చేతికి అందిన ఏ కుట్టుకైనా వంక పెట్టకుండా ఉండలేవని తెలుసు. ఈ ఒక్కసారికి ఉండు.

కోడి గురించి నువ్వన్నదానికి జవాబు తర్వాత రాస్తాను. మాటలో పదును ఉంది, ఒప్పుకుంటున్నాను. ఎవరి గురించో కూడా అర్థమైంది.

మొన్న నిద్రలో ఉలిక్కిపడి లేచి 'అమ్మా' అంది. లేచి నీళ్ళిచ్చింది నేను, పక్కన కూర్చుని వీపు నిమిరింది నేను. అయినా రెండోసారి కూడా 'అమ్మా' అనే అంది. నీకు సంతోషమే కదా.

నీ ఆడపడుచు

*

జులై 11

మరదలా,

పార్సిలు అందింది. సూదులు గుచ్చుకునే చిన్న దిండు. నీలం గుడ్డ, గుండ్రంగా, అరచేతిలో ఇమిడేంత. చూడగానే కళ్ళ నీళ్ళొచ్చాయి. మిషను బల్ల మీద పెట్టుకుని, ఉన్న సూదులన్నీ దానికే గుచ్చి, దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ మా అమ్మాయి కుట్టిందని చూపించాను. మధ్యాహ్నం తీరిగ్గా చేతిలోకి తీసుకుని అంచు చూశాను.

గోనెసంచి కుట్టు. దబ్బనంతో బస్తా మూతి కుట్టే కుట్టు, ఒక్కో పోగుకీ మధ్య వేలు దూరేంత సందు. ఐదేళ్ళప్పుడు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని వేళ్ళ మీద నా వేళ్ళు వేసి సన్నకుట్టు నేర్పాను. వెనక్కి తిప్పితే ఎటు మొదలైందో తెలియకూడదు, అలాంటి కుట్టు. అది ఎక్కడికి పోయింది? ఆర్నెల్లు తిరక్కుండానే నా చెయ్యి మరిచి నీ చెయ్యి పట్టుకుంది. నా బల్ల మీద, నా సూదుల కింద నీ కుట్టు. ఒళ్ళు మండిపోయింది. విప్పేశాను. మళ్ళీ శుభ్రంగా కుట్టి పెట్టుకుందామనే విప్పానని మీ అన్నయ్యతో చెప్పాను గానీ, అది కారణం కాదు.

లోపల దూది లేదు. ఈకలు ఉన్నాయి. బూడిదరంగు, అంచుకి కాస్త గులాబీ ఛాయ. మెడ దగ్గరివి రెండు మూడు, నల్లపట్టీతో. రోజూ తల మీద కూసే పిట్ట ఈక నాకు తెలియదనుకున్నావా?

మాట తప్పే అలవాటు లేదని రాశావు. పైకి సభల్లో సుద్దులు, ఇంటికొచ్చి గువ్వల భోజనాలు. దాని చేత ఈకలు కూడా పీకించావు. అందుకే నలత, అందుకే తిండి మానేసింది. 'అడగకు' అని ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది. మీ ఇద్దరి మధ్యా రహస్యం, నేను పరాయిదాన్ని.

దాన్ని వెంటనే పంపించెయ్. ఉద్యోగమూ వద్దు, సున్నం గదీ వద్దు. పంపకపోతే పదిహేడున సభ ఉంది, నాకు నోరూ ఉంది.

వదిన

*

జులై 14

వదినా,

ఈకల మాట సభలో ఎత్తకు.

గువ్వల గురించి నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడు. నన్ను తిట్టు, నా తుపాకిని తిట్టు, నా జుట్టుని తిట్టు. ఈకలు మాత్రం వద్దు. ఎందుకో కాగితం మీద పెట్టలేను. సభ అయిన తర్వాతి ఆదివారం బండెక్కి నేనే వచ్చి, నీ ఎదురుగా కూర్చుని చెబుతాను. విన్నాక నన్ను నాలుగు కొట్టినా పడతాను. ఇంతగా నేనెవరినీ బతిమాలలేదు, నీకు తెలుసు.

పిల్లకి ఏమీ రాయకు. ఉద్యోగం తాలూకు విచారణ ఇంకా కాలేదు.

నీ ఆడపడుచు

*

జులై 19

మరదలా,

నీ ఉత్తరం సభకి ముందు రోజే అందింది. ఆలస్యమైందని అబద్ధమాడను. చదివి, ఈవిడకి భయం పట్టుకుంది అనుకున్నాను. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నువ్వు నన్ను బతిమాలింది ఇదొక్కసారే. రెండుసార్లు చదువుకున్నాను. తీపిగా ఉంది.

అయినా ఈకల మాట ఎత్తకూడదనే అనుకున్నాను. సభ పెద్దదే. కుర్చీలు చాలక కిటికీల మీద కూడా కూర్చున్నారు. నా వంతు రాగానే లేచాను. గువ్వ పెట్టేది రెండే గుడ్లని, ఒకటి పోతే రెండోది జత కోసం అక్కడక్కడే తిరుగుతుందని, దెబ్బ తిన్న పిట్టల్లో సగం ఏ పొదలోనో పడి దొరక్కుండా చస్తాయని, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరని చెప్పాను. చేపలమ్మే ఆవిడ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. నేను తిరిగొచ్చి మూడో వరసలో కూర్చున్నాను. అక్కడితో అయిపోవాల్సింది.

తర్వాత గింజల వ్యాపారుల తరఫున వకీలు లేచాడు. లైసెన్సున్నవాళ్ళు చట్టం తప్పరని, కావాలంటే గోదాము అధికారిణిని చూడమని మొదలుపెట్టాడు. నీ నిజాయితీ అంత, నీ క్రమశిక్షణ ఇంత. నేను నవ్వు ముఖం పెట్టుకునే కూర్చున్నాను. ఆ తర్వాత అన్నాడు, 'ఆవిడ తన మేనకోడల్ని తల్లి లేని లోటు తెలియకుండా పెంచుతున్నారు, అంతటి బాధ్యత గల మనిషి' అని.

తల్లి లేని లోటట. నేను అక్కడే ఉన్నాను మరదలా. బతికే ఉన్నాను, మూడో వరసలో.

మైకు కూడా తీసుకోలేదు. నిలబడ్డచోటి నుంచే అడిగాను. 'ఆ పిల్ల తల్లిని నేను. ఆవిడ చట్టం తప్పని మనిషైతే ఇది ఎక్కడిది?' అని దిండు తీసి, విప్పిన వైపు నుంచి ఈకలు బల్ల మీద పోశాను. దాన్ని సంచిలో ఎందుకు పెట్టుకుని వెళ్ళానని మాత్రం అడగకు. సభ సభంతా లేచి నిలబడింది. వకీలు కూర్చుండిపోయాడు. సంఘం పెద్దావిడ ఈకలన్నీ ఒక కవరులో వేయించి, దిండు కూడా తీసుకుంది. గుమాస్తా నీ ఊరు, గోదాము అడిగి రాసుకున్నాడు.

ఆ పూట వరకు కడుపు చల్లబడింది. మీ అన్నయ్య అప్పటి నుంచీ నాతో మాట్లాడట్లేదు. పెట్టింది తింటున్నాడు, డ్యూటీకి పోతున్నాడు. ఆదివారం వస్తానన్నావుగా, రా. ఎదురుగానే తేల్చుకుందాం.

వదిన

*

ఆగస్టు 3

వదినా,

ఆదివారం రాలేకపోయాను. అంతకు ముందు రోజే ఇద్దరు అధికారులు వచ్చారు. దిండు బల్ల మీద పెట్టి, ఈ కుట్టు ఎవరిదని అడిగారు. బస్తా కుట్టు కదా, నాదేనన్నాను. నువ్వు విప్పేసిన కుట్టే ఆ పూట అక్కరకొచ్చింది. గువ్వని కాల్చిందెవరని అడిగారు. పిల్ల నోరు తెరిచింది. అది మాట కూడగట్టుకునేలోపే నేను 'నేనే' అన్నాను.

ఇక దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. చదివాక చించెయ్. కాల్చింది పిల్ల.

ఆ రోజు నేను కాటా దగ్గర ఉన్నాను. డబ్బాలు కొట్టడం దానికి బాగా పట్టుబడింది. నేనెప్పుడూ బాగుందని అనలేదు. పొగడటం నాకు రాదు, నీకు తెలుసు. నా చేత ఒక్కసారి బాగుందనిపించుకుందామని, తీగ మీదున్న గువ్వని గురి చూసి కొట్టింది. ఒక్క దెబ్బకే పడింది. నవ్వుకుంటూ తెచ్చి చూపించింది. తెచ్చేసరికి దానికింకా వెచ్చదనం ఉంది, చూస్తుండగానే చల్లబడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. రెండో గువ్వ ఆ తీగ వదిలి పోలేదు. పిల్ల మెట్ల మీద కూర్చుని దాన్నే చూసేది. నువ్వు సభలో చెప్పింది నిజం వదినా. తిండి మానేసింది అందుకే.

మేం దాన్ని తినలేదు, పాతిపెట్టాం. ఈకలు మాత్రం పారెయ్యనివ్వలేదు. ఏం చేసుకుంటావే అంటే, 'అమ్మ దగ్గర ఉంచుతాను. ఎప్పటికైనా అమ్మకి చెప్పాలిగా, చెప్పేదాకా అమ్మ దగ్గరే ఉండనీ' అంది. నాకెంత కుళ్ళు పుట్టిందో నీకు తెలియదు. తప్పు జరిగింది నా వాకిట్లో, నా తుపాకితో. పక్కనుండి ఓదార్చింది నేను. దాచుకోవడానికి మాత్రం నీ ఒడే కావాల్సి వచ్చింది.

గువ్వని చంపిందని కేసులో దాని పేరెక్కితే ఆ ఉద్యోగమే కాదు, ఏ సర్కారు ఉద్యోగమూ రాదు. నిజం చెప్పేస్తానని రోజూ ఏడ్చింది. ఒట్టు వేయించుకున్నాను. నా మీద వేయించుకుంటే నిలబడదని తెలుసు. అందుకని అమ్మ మీద ఒట్టు వెయ్యమన్నాను. అప్పుడు ఊరుకుంది.

తుపాకి పట్టుకుపోయారు, లైసెన్సు రద్దు చేశారు. ఉద్యోగం తీసేశారు, నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. పేపర్లో మళ్ళీ వేశారు, ఈసారి మొదటి పేజీలో. అన్నయ్య జేబు చాలదు. అడిగేవాళ్ళే చట్టం తప్పుతుంటే అనుమతి ఎవరికివ్వాలని సంఘంవాళ్ళు వేట మాటే పక్కన పెట్టేశారు. నా వెనక నిలబడ్డ రైతులు ఇప్పుడు నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు. నీ గువ్వలు గెలిచాయి. నిన్న మెట్ల మీది నుంచి ఒక బుట్టెడు ఎత్తాను, మందు గింజలు తిన్నవి.

పిల్లకి ఉద్యోగం ఖాయమైంది. వాళ్ళ వసతిగృహంలోనే ఉంటుంది. దిండు నీకు చేరకుండా పోస్టులోనే ఎవరో కాజేశారని దానికి చెప్పాను. పేపర్లో నీ పేరు రాలేదు, 'సభలో ఒక మహిళ' అని వేశారు. వెంటనే నమ్మింది. అమ్మ మీద దానికి అనుమానమే రాదు. నువ్వూ అలాగే ఉండనీ. నా కోసం కాదు, దాని కోసం.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. అంతకంటే కుళ్ళే ఎక్కువ ఉంది. ఇంత చేసినా నువ్వు దానికి అమ్మవే.

ఆడపడుచు

*

ఆగస్టు 24

మరదలా,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ లేచిపోయాను.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకిచ్చాను. చించమన్నావు, చించనివ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. 'ఏమంటావు' అన్నాను. 'అనాల్సింది నువ్వు, నాకెందుకు చెప్తావు' అన్నాడు. అన్ని రోజుల తర్వాత నాతో ఆడిన మొదటి మాట అది.

మర్నాడు సంఘం ఆఫీసుకి వెళ్ళాను. ఆ దిండు నేనే కుట్టాను, ఈకలు నా బోర్డు వెనకాల రాలినవి, ఆడబిడ్డ మీద కుళ్ళుతో అబద్ధమాడాను, నన్ను పట్టుకోండి అన్నాను. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, 'ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టేసిందమ్మా, ఇంటికెళ్ళి పని చూసుకోండి' అన్నాడు. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను చించుకుంది నా కడుపే. పడింది నీ కాళ్ళ మీద.

ఈలోగా పిల్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలూ నాకే రాసింది. గదిలో తనకి దొరికిన కిటికీ గురించి, పక్క మంచం పిల్ల గురకల గురించి, నా చేతి వంట మీద బెంగ గురించి. 'అత్తకి ఈ గతి పట్టించినవాళ్ళెవరో గానీ, జన్మలో వాళ్ళ ముఖం చూడను. నువ్వున్నావని ధైర్యంగా ఉన్నానమ్మా' అని రాసింది. ఇన్నాళ్ళూ నేను పడి ఏడ్చింది ఇలాంటి ఉత్తరం కోసమే. రెండో పేజీ దాటలేకపోయాను.

దాచమన్నావు. దాచలేదు. నేనేదో పెద్ద మంచిదాన్నని అనుకోకు. దాని కోసం నువ్వు ఉన్నదంతా పోగొట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటే, నేను ఆ నాలుగు పేజీలూ దొంగసొమ్ములా తలగడ కింద పెట్టుకుని పడుకోవాలా? ఎప్పటికీ నువ్వే పైన, నేను కింద. అది నా వల్ల కాదు. అంతా రాసేశాను. దిండు నేనే విప్పానని, ఈకలు నేనే పోశానని, నువ్వు వద్దన్న ఉత్తరం నా చేతిలో ఉండగానే పోశానని. తల్లి లేని లోటు అన్నాడు కాబట్టి చేశానని కూడా రాశాను. అది చదివితే కాస్త జాలిపడుతుందేమోనని ఆశ. చివర్లో, నా ముఖం చూడకపోయినా సరే, నా మీద వేసిన ఒట్టు మాత్రం తప్పొద్దని రాశాను. ఆ ఒట్టుకి ఇంకా విలువుందో లేదో తెలియక, పోస్టుమాన్ వీధి మలుపు తిరిగినప్పుడల్లా మిషను ఆపాను.

నిన్న జవాబు వచ్చింది. నాలుగు మాటలు. 'ఒట్టు తప్పను. ఇంటికి రాను.'

మీ అన్నయ్య చదివి గడప మీద కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం ఇదే మొదటిసారి.

ఇప్పుడు నా మాట విను. నెలాఖరుకి నువ్వు ఇల్లు వదలాలి కదా. దుకాణం వెనక గది ఖాళీ చేశాను. గుడ్డల మూటలన్నీ అటక ఎక్కించాను, మంచం వేయించాను, కిటికీ తలుపు సరిచేయించాను. వచ్చెయ్. బస్తాలు కుట్టిన చెయ్యి ఊరికే ఉండలేదు, మందం కోట్లు, సంచుల పని నీకిస్తాను. నీ కుట్టుకి వంక పెట్టకుండా ఉంటానని మాటివ్వలేను గానీ, విప్పను.

జాలిపడి పిలుస్తున్నానని అనుకోకు. నాకు నీ మీద ఇప్పటికీ కుళ్ళే. నువ్వు ఇక్కడుంటే సెలవులకి అది వస్తుంది. నిన్ను చూడటానికే వస్తుంది, నన్ను కాదు, నాకు తెలుసు. చెప్పులు విప్పుతూనే 'అత్తా' అని పిలుస్తుంది, నా పక్కనుంచే నీ గదిలోకి వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెప్తున్నాను.

అది తలుపు కొట్టినప్పుడు మాత్రం నువ్వు లేవకు. నేను తీస్తాను.

నీ వదిన